పోహ్ నెల వేకువలో హరిమందిర్ సాహిబ్: ఎప్పుడు చేరాలి, ఎక్కడ కూర్చోవాలి

అమృత్‌సర్‌లోని హరిమందిర్ సాహిబ్ (స్వర్ణదేవాలయం) ప్రయాణానికి చాలామంది ఫిబ్రవరి, మార్చి చూసుకుంటారు. ఫొటోలకు అవి మంచి నెలలే. భక్తి కోసమైతే సిక్కుల పోహ్ నెలను మించింది లేదు. మన ధనుర్మాసం, వాళ్ల పోహ్ దాదాపు ఒకేసారి వస్తాయి. మనకు సంక్రాంతి వచ్చేసరికి వాళ్లకు మాఘ్ మొదలవుతుంది.

సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో పన్నెండు నెలల మీద చెప్పిన బారహ్ మాహా అనే పద్యాలు రెండున్నాయి. 133వ అంగ్‌లో (పుటలో) ఉన్నది ఐదో గురువు అర్జన్‌ది, 1107వ అంగ్‌లో ఉన్నది మొదటి గురువు నానక్‌ది. పోహ్‌లో పడే 'తుఖార్' గడ్డిలో, చెట్లలో రసం పీల్చేస్తుందంటారు నానక్. మన తుషారమే ఆ తుఖార్. నాథుడి కౌగిట్లో ఉన్నవాళ్లను ఆ మంచు అంటదంటారు అర్జన్. కాబట్టి చలికి ఓర్చుకోవడం ఇక్కడ ఘనకార్యమేమీ కాదు. అమృత్ వేళ, అంటే తెల్లవారకముందే, లేచి కీర్తన వినడమే పని. మరి వినడానికి ఈ చోటు ఎంత అనువుగా ఉంది?

మూడింటికల్లా చేరితే చాలా అనువుగా ఉంటుంది. చలికాలంలో తలుపులు సుమారు 3 గంటలకు తెరుస్తారు, కీర్తన మొదలవుతుంది. రాత్రి ఎదురుగా ఉన్న అకాల్ తఖ్త్ భవనంలో ఉంచిన గురు గ్రంథ్ సాహిబ్ పాలకీలో (పల్లకిలో) హరిమందిర్‌కు బయల్దేరేది 5 ప్రాంతంలో, అంటే వేసవి కంటే దాదాపు గంట ఆలస్యంగా. నెలను బట్టి వేళలు మారతాయి, ముందురోజు సాయంత్రమే అడిగి పెట్టుకోండి. పాలకీ లోపలికి వెళ్లగానే సగం మంది వెనుదిరుగుతారు. అదే పొరపాటు. తర్వాత గ్రంథంలోంచి చదివే హుకమ్‌నామాయే ఆ రోజుకు గురువు ఆజ్ఞ. కింది అంతస్తులో జనాన్ని కదలమంటూ ఉంటారు కాబట్టి మెట్లెక్కి పైకి వెళ్లి కూర్చోవాలి. డిసెంబరు ఆఖరి వారం సెలవుల రద్దీలో మాత్రం పైన కూడా చోటు దొరకడం కష్టం.

అసలు ఇబ్బంది పాదాలకు. జోడా ఘర్‌లో (చెప్పులు భద్రపరిచే చోట) చెప్పులతో పాటు సాక్సులూ విప్పాలి, ప్రవేశం దగ్గర నీళ్లలో కాళ్లు తడపాలి, ఆపైన పాలరాయి. నడవడానికి పట్టాలు (తివాచీలు) పరిచి ఉంటాయి గానీ తడిసిన పట్టా కంటే పొడి రాయే నయం. చిన్న తువ్వాలు జేబులో పెట్టుకుని, నీళ్లు దాటగానే వేళ్ల సందులు తుడుచుకుంటే సగం చలి పోతుంది. మంకీ క్యాప్‌ను తలగుడ్డగా లెక్కించరు. అది తీసి రుమాలో చున్నీయో కట్టుకోవాలి.

గుడి చుట్టూ ఉన్న సరోవరంలో స్నానం తప్పనిసరి కాదు. మాఘంలో సాధువుల పాదధూళిలో స్నానం చేయమన్నారు అర్జన్. దేవుడికి నచ్చితేనే తీర్థస్నానమని గ్రంథం మొదట్లో వచ్చే జప్‌జీలో నానక్ అన్నారు. మునగాలనుకుంటే గట్టుకు బిగించిన గొలుసు వదలకండి, మెట్లు జారతాయి. సబ్బు వాడకూడదు. ఆడవాళ్లకు మూసిన స్నానఘట్టం వేరే ఉంది. గుండె జబ్బున్నవాళ్లు దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకుంటే చాలు.

లంగర్ (అందరికీ ఉచిత భోజనశాల) రాత్రింబగళ్లు నడుస్తుంది. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి. తెల్లవారుజామున స్టీలు గిన్నెలో పోసే టీ ముందు చేతులకు, తర్వాతే నోటికి. పప్పులో కారం మన నాలుకకు చాలదు, పోనివ్వండి.

గుడిలో పంచే హల్వా, కడా ప్రసాదానికి మాత్రం వంక లేదు. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లు. ఇంట్లో చేస్తే ఒక్కోటి కప్పు చొప్పున తీసుకుని, మూడు కప్పుల నీళ్లలో చక్కెర కరిగించి మరగనివ్వాలి. పిండిని నేతిలో ముదురు గోధుమరంగు వచ్చేదాకా సన్నని సెగ మీద వేయించి ఆ పాకం పోయాలి. పాకం చల్లారితే ఉండకడుతుంది, వేపు తక్కువైతే పచ్చివాసన వదలదు. గుడి దగ్గర కొన్న దొన్నెలో సగం సేవాదార్ (స్వచ్ఛంద సేవకుడు) వెనక్కి తీసుకుంటారు. అది అందరికీ పంచడానికి, గొడవ పడకండి. దోసిట మిగిలిన నెయ్యిని కాగితానికి తుడిచేయకుండా ముంజేతులకు రుద్దుకోండి, ఆ చలిలో చర్మం పగలదు.