సాఫ్ట్‌వేర్ కాపీరైట్ రిజిస్ట్రేషన్: ఆన్‌లైన్ సేవ ఎలా ఉంది?

కాపీరైట్ ఆఫీసు ఆన్‌లైన్ సేవలో ఫీజు మాత్రం చవకే. సాఫ్ట్‌వేర్‌ని చట్టం సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది కాబట్టి ఒక్కోదానికి 500 రూపాయలు. ఫారం 14 నింపి డబ్బు కడితే డైరీ నంబరు (దరఖాస్తు గుర్తింపు సంఖ్య) వస్తుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాకే పరిశీలన.

చాలామంది తడబడేది సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్) దగ్గర. మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇవ్వాలి. మొత్తం 20 లోపే ఉంటే అంతా ఇవ్వాల్సిందే. కాపీరైట్ నిబంధనల 2021 సవరణ తర్వాత ఒక్క లైను కూడా నల్లగా కొట్టేసి దాచడానికి లేదు. అందుకే పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (వేరే సేవల్ని వాడుకోడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) ముందే వేరే ఫైల్లోకి మార్చేయండి.

అసలు చిక్కు హక్కుదారు ఎవరన్నది. వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగి రాసిన కోడ్ కంపెనీదే. ఫ్రీలాన్సర్ రాసింది అలా కాదు, సంతకంతో రాతపూర్వక బదిలీ కావాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే! అమెరికా క్లయింట్లున్న హైదరాబాద్ స్టార్టప్‌లు ఈ రెండు ముక్కలూ తప్పక చూసుకోవాలి.

సర్టిఫికెట్ లేకున్నా హక్కు ఉంటుంది, సర్టిఫికెట్ ఉంటే కోర్టులో ప్రాథమిక సాక్ష్యం, అంటే తప్పని రుజువయ్యేదాకా చెల్లుతుంది. 500కి అది తక్కువేం కాదు. ఐడియాకి రక్షణ మాత్రం ఇక్కడ దొరకదు. పేటెంట్‌కి వెళ్లినా పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ఉత్త ప్రోగ్రామ్‌ని ఒప్పుకోదు.