హాలోవీన్ రాత్రికి ఏ పుస్తకం తియ్యాలి?

హాలోవీన్ దగ్గరపడితే అందరూ హారర్ రచయితలనే అడుగుతారు, మిమ్మల్ని భయపెట్టిన పుస్తకం ఏదని. ఇద్దరు పెద్దవాళ్ల జవాబులు ఎప్పుడో అచ్చయ్యాయి. గడిచిన వందేళ్లలో మానవాతీత శక్తుల మీద వచ్చిన గొప్ప నవలలు తనకు రెండే కనిపిస్తున్నాయని స్టీఫెన్ కింగ్ 1981లో రాశాడు. ఒకటి షిర్లీ జాక్సన్ 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' (1959), రెండోది హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' (1898). అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆల్జెర్నాన్ బ్లాక్‌వుడ్ రాసిన 'ది విల్లోస్' (1907) కథను మరో హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ నెత్తిన పెట్టుకున్నాడు. మన చేతిలో ఉన్నదేమో అక్టోబర్ 31, ఒక్క రాత్రి.

ముందు 'టర్న్ ఆఫ్ ది స్క్రూ'ని పక్కన పెడతాను. ఇద్దరు పిల్లలు, వాళ్లను చూసుకునే ఒక టీచరమ్మ, ఆమెకు కనిపించే రెండు ఆకారాలు. అవి నిజంగా దెయ్యాలా, ఆమె భ్రమా అన్నది ఇప్పటికీ తేలలేదు. గొప్ప కథే. కానీ జేమ్స్ వాక్యం మెలికలు తిరుగుతూ పోతుంది. ఒక్కోటి రెండుసార్లు చదివితే గానీ మింగుడుపడదు, ఈలోగా భయం చల్లారిపోతుంది.

అసలు పోటీ మిగతా రెండింటికే.

'హిల్ హౌస్' అనే దెయ్యాల ఇంట్లో కొన్నాళ్లు ఉండడానికి వచ్చిన ఎలినార్ కథ ఇది. ఇందులో నన్ను వదలని చోటు ఒకటుంది. చిమ్మచీకటి. పక్కగదిలోంచి ఒక పసిగొంతు ఏడుపు. ఎలినార్ మంచం మీద బిగుసుకుపోయి, తోడుగా ఉన్న థియోడోరా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంటుంది. చివరికి తట్టుకోలేక అరుస్తుంది. లైటు వెలుగుతుంది. చూస్తే థియోడోరా అవతలి మంచం మీద, అప్పుడే నిద్రలోంచి లేచి కూర్చుంటోంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? జాక్సన్ జవాబు చెప్పదు. మొత్తం నవలలో దెయ్యాన్ని ఒక్కసారి కూడా ఎదురుగా నిలబెట్టదు. కింగ్ తన 'ఫైర్‌స్టార్టర్'ని ఆమెకు అంకితమిస్తూ, గొంతు పెంచే అవసరం ఎన్నడూ రాని రచయిత్రి అన్నట్టుగా రాసుకున్నది ఇందుకే అనుకుంటాను.

అయితే ఇది నెమ్మదిగా ఎక్కే భయం. ఎలినార్ ఒంటరితనం మనకు బాగా అలవాటైతేనే ఆ ఇల్లు ఆమెను ఎలా మింగుతోందో తెలుస్తుంది. ఒక్క రాత్రిలో పరిగెత్తిస్తే నష్టం మనకే.

'ది విల్లోస్' రెండు గంటల్లో అయిపోతుంది. కథను కూర్చున్న చోటే ఏకబిగిన చదవాలి, మధ్యలో లేస్తే పట్టు పోతుందని ఎడ్గార్ అలన్ పో 1846లోనే వాదించాడు. ఆ మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. డాన్యూబ్ నది వరద మీద ఉంటుంది. ఇద్దరు స్నేహితులు చిన్న పడవలో వచ్చి, విల్లో పొదలు కమ్ముకున్న ఇసుక దిబ్బ మీద రాత్రికి ఆగుతారు. నీళ్లు కోసుకుపోతుంటే దిబ్బ చిన్నదవుతూ ఉంటుంది. తెల్లారి చూస్తే ఒక తెడ్డు లేదు. మిగిలిన తెడ్డును ఎవరో ఓపిగ్గా గీకి గీకి, బలంగా ఒక్కసారి వేస్తే విరిగిపోయేంత పల్చగా చేశారు. పడవ అడుగున చీలిక. ఇసుకలో గరాటు ఆకారంలో గుంటలు. రక్తం లేదు, శవం లేచి రాలేదు. అయినా ఆ తెడ్డు దగ్గరికొచ్చేసరికి నా వీపు జలదరించింది. ఇక్కడినుంచి వెళ్లనివ్వరు అనే టెన్షన్‌ని బ్లాక్‌వుడ్ ఒక చెక్కముక్కతో పుట్టించాడు.

అందుకే ఆ రాత్రికి నా ఓటు 'ది విల్లోస్'కే. పాత పుస్తకం కాబట్టి పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది కూడా. వారం ముందుగా మొదలుపెట్టగలిగితే మాత్రం 'హిల్ హౌస్' తియ్యండి, రోజూ కాస్త కాస్త చదవండి. ఆ చెయ్యి పట్టుకునే ఘట్టం సరిగ్గా 31 రాత్రికి వచ్చేలా చూసుకోండి.