మీటర్ తిప్పిన బండిని బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పట్టిస్తుందా?

విజయవాడలో పాత కారు బేరానికి వెళ్తే ముందు వినపడేది "సింగిల్ ఓనర్, నలభై వేలే తిరిగింది" అన్న మాట. అది నిజమో కాదో చూసుకోవడానికి ఈఎల్‌ఎం 327 రకం ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లెక్కలను ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) కొనొచ్చా అంటే, కొనండి. వెయ్యి రూపాయల లోపే వస్తుంది. అయిదుకి మూడున్నర ఇవ్వొచ్చు. కాకపోతే మీటర్ సంగతి చెప్పే అంకె అందులో ఒక్కటే.

డాష్‌బోర్డు మీది రీడింగ్ మీటర్ లోపలి మెమరీ చిప్‌లో ఉంటుంది. కిలోమీటర్లు తగ్గించడానికి మీటర్ తిప్పేవాళ్లు ఎక్కువగా మార్చేది దాన్నే. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ (ఈసీఎం) వేరే లెక్క పెట్టుకుంటుంది: ఫాల్ట్ కోడ్‌లు (లోపం కనపడితే కంప్యూటర్ రాసుకునే గుర్తులు) చివరిసారి చెరిపాక బండి ఎంత తిరిగిందని. స్టీరింగ్ కింద 16 పిన్నుల పోర్టులో స్కానర్ పెట్టి, తాళం ఆన్ చేసి (ఇంజిన్ స్టార్ట్ చేయక్కర్లేదు), టార్క్ లేదా కార్ స్కానర్ యాప్‌లో 'డిస్టెన్స్ సిన్స్ కోడ్స్ క్లియర్డ్' చూడండి. మీటర్ 42,000 అంటుంటే ఇది 58,000 అంటే బేరం అక్కడితో ఆపేయండి. ఈ లెక్క 65,535 దాటదు. కాబట్టి మీటరే లక్ష చూపిస్తున్న బండిలో దీనితో ఏమీ తేలదు.

చిన్న అంకె కనపడితే సంబరపడొద్దు. కోడ్‌లు చెరిపితే అది సున్నా అవుతుంది, కొన్ని కార్లలో బ్యాటరీ తీసినా అంతే. అప్పుడు 'వార్మప్స్ సిన్స్ కోడ్స్ క్లియర్డ్' (చెరిపాక ఇంజిన్ ఎన్నిసార్లు వేడెక్కింది), రెడీనెస్ మానిటర్లు (కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) చూడాలి. వార్మప్‌లు రెండో మూడో ఉండి, మానిటర్లు పూర్తికాకుండా ఉంటే ఈమధ్యే చెరిపారన్నమాట. ఎందుకు చెరిపారో నిలదీయండి.

2013కి ముందు బండ్లు చాలావాటిలో స్కానర్ కనెక్టే కాదు. కొన్ని మోడళ్లు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ యూనిట్లలోనూ కిలోమీటర్లు దాచుకుంటాయి. వాటిని ఈ చిన్న స్కానర్ చదవలేదు. ఆటోనగర్‌లో పెద్ద స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కి చూపించాల్సిందే. ఐఫోన్ వాడేవాళ్లు మామూలు బ్లూటూత్‌ది కాకుండా వైఫై లేదా బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) రకం తీసుకోండి.

స్కానర్ కంటే గట్టి సాక్ష్యం షోరూమ్ ట్రాక్, అంటే అక్కడ చేయించిన సర్వీసుల రికార్డు. సర్వీసుకి ఇచ్చినప్పుడు రాసే ప్రతి జాబ్‌కార్డు మీద ఆ రోజు రీడింగ్ ఉంటుంది. ట్రాక్ 78,000 దగ్గర ఆగిపోయి, ఇప్పుడు మీటర్ 55,000 చూపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. షోరూమ్‌వాళ్లు వివరాలు ఓనర్‌కే ఇస్తామంటే ఆయన చేతే ఫోన్ చేయించండి. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఎన్నో ఓనరో తెలుస్తుంది కానీ కిలోమీటర్లు ఉండవు.

టైరు మీద నాలుగంకెల కోడ్ కూడా చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. 2018 బండి, మీటర్ 25,000, నాలుగు టైర్లూ 2022వి అయితే మొదటి సెట్ అంత తొందరగా ఎలా అరిగిందో అడగాలి. క్లచ్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు, బ్రేక్ డిస్క్ చివర లేచిన గట్టు చూసి, ఆ అరుగుదలని కూడా మీటర్‌తో పోల్చండి.

చూడ్డం అయ్యాక స్కానర్ తీసేయండి. పోర్టులోనే వదిలేస్తే ఆగి ఉన్న బండిలోనూ బ్యాటరీ దిగుతుంది.