మల్పె పడవవాళ్లు మింగేసిన గంట

ఉడుపి వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. సెయింట్ మేరీస్ దీవికి పడవ ఎక్కేముందు, అక్కడ ఎంతసేపు ఉండనిస్తారో టికెట్టు మీద రాయించుకోండి. ఉడుపి పక్కనే ఉన్న మల్పె బీచిలో ఒక దళారి "రెండు గంటలు ఉండొచ్చు సార్" అని మనిషికి 500 చొప్పున మా ఐదుగురి దగ్గర 2,500 రూపాయలు తీసుకున్నాడు. దిగి ముప్పావు గంట కాకముందే తిరిగి పడవ ఎక్కమని ఈల వేశారు. ఇదేమిటని బావగారు నిలదీస్తే, "మీకు చెప్పినవాడినే అడగండి" అన్నాడు పడవ నడిపే ఆయన. ఒడ్డుకు వచ్చేసరికి దళారి పత్తా లేడు. హార్బర్ కౌంటరులో టికెట్టు కొన్న కుటుంబానికి మనిషికి 300 మాత్రమే అయిందట.

డబ్బు పోతే పోయింది, ఆ గంట పోయినందుకే నా కడుపుమంట. ఎందుకంటే అది హడావిడిగా చూసే చోటు కాదు. దీవి అంచున నల్లని రాతి స్తంభాలు చెక్కి పేర్చినట్టు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. చాలావాటికి ఐదారు పలకలు. సుమారు 8.8 కోట్ల ఏళ్ల క్రితం, మడగాస్కర్ మన భూభాగం నుంచి విడిపోయే కాలంలో పొంగిన లావా చల్లారి, కుంచించుకుని ఇలా పగిలింది. అత్తయ్య ఒక రాయి మీద చేయి వేసి పలకలు లెక్కపెడుతూ ఉండగానే ఈల వినిపించింది. సముద్రం మధ్యలో పెద్ద పడవ నుంచి చిన్న పడవలోకి దిగేటప్పుడే ఆవిడ హడలిపోయారు. అంత భయపడి వచ్చింది ఈ కాసేపటికా అని దారి పొడవునా మాట్లాడలేదు.

పేరు సంగతి కూడా పడవలో తప్పుగానే చెప్పారు. వాస్కో డ గామా ముందు ఇక్కడ దిగి, తర్వాతే కోళికోడ్ (కాలికట్) వెళ్లాడని. నిజానికి ఆయన కోళికోడ్ చేరింది 1498 మే నెలలో. ఆగస్టు చివర అక్కడి నుంచి బయలుదేరి ఉత్తరంగా వెళ్తూ, సెప్టెంబరులో తీరానికి దగ్గరలో ఉన్న చిన్న దీవుల్లో ఒకచోట శిలాస్తంభం నాటించి 'సాంటా మారియా', అంటే సెయింట్ మేరీ, అని పేరు పెట్టాడు. అవి ఈ దీవులేనని చెబుతారు. స్థానికుల నోట మాత్రం ఇది తోన్సేపార్, కొబ్బరి దీవి.

ఉడుపిలో గది 1,800, శుభ్రంగా ఉంది. కృష్ణ మఠం భోజనం తిన్నాకే అత్తయ్య కోపం తగ్గింది.

వర్షాకాలంలో పడవలు నడవవు. డిసెంబరు, జనవరిలో వెళ్లండి, హార్బర్ నుంచి మొదటి పడవకే ఎక్కండి. బీచిలో చేయి పట్టుకుని పిలిచేవాళ్లకు పైసా ఇవ్వకండి.