యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టేముందు: చేసిన పని బయటికి వస్తుందో లేదో చూసుకోండి

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో వెయ్యి, రెండు వేలకి "లైఫ్‌టైమ్ లైసెన్స్" అని అమ్ముతున్నవి దయచేసి కొనకండి. వాటిలో చాలావరకు ఏదో కాలేజీదో కంపెనీదో అయిన అకౌంటులో ఒక సీటు (ఒక మనిషి వాడుకునే చోటు) మాత్రమే. అడ్మిన్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. వాళ్లు సీట్లు సరిచూసుకున్న రోజు లాగిన్ పోతుంది, క్లౌడ్‌లో దాచుకున్న ఫైళ్లూ దాంతోపాటే పోతాయి. మీ పేరుతో జీఎస్టీ బిల్లు ఇవ్వలేని అమ్మకందారు దగ్గర కొంటే తర్వాత అడగడానికి ఎవరూ మిగలరు.

అయితే అసలు కంపెనీ దగ్గరే తీసుకున్నా దెబ్బతినే చోట్లున్నాయి. ఎక్కువమంది ఇరుక్కునేది ఉచిత ఎడిషన్ దగ్గర.

3డీ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ హుడిని సంగతే చూడండి. నేర్చుకోవడానికి ఇచ్చే అప్రెంటిస్ ఎడిషన్ ఉచితం, నోడ్లు (ఒకదానికొకటి తీగలతో కలిపి పని కట్టుకునే డబ్బాలు) దాదాపు అన్నీ పనిచేస్తాయి. కానీ అందులో సేవ్ చేసిన ఫైలు హిప్‌ఎన్‌సీ (.hipnc) రకం. చిన్నవాళ్లకి ఇచ్చే ఇండీ లైసెన్స్‌లో చేసింది హిప్‌ఎల్‌సీ (.hiplc), పూర్తి లైసెన్స్‌లో చేసింది హిప్ (.hip). పూర్తి లైసెన్స్ ఉన్న మెషీన్‌లో హిప్‌ఎన్‌సీ ఫైలు తెరిస్తే ఆ సెషన్ మొత్తం నాన్ కమర్షియల్‌గా మారిపోతుంది, మళ్లీ హిప్‌గా సేవ్ కాదు. స్నేహితుడు ఇచ్చిన ఒక్క అప్రెంటిస్ అసెట్‌ని సీన్‌లో పడేసినా ఇదే జరుగుతుంది. నేర్చుకునేటప్పుడు కట్టిన సెటప్‌ని రేపు క్లయింటు పనికి వాడుకోవచ్చన్న లెక్క ఇక్కడ తప్పుతుంది. ఇండీకి ఇంకో షరతు: ఏడాది ఆదాయం లక్ష డాలర్ల లోపు ఉండాలి. స్టూడియో నుంచి సబ్‌కాంట్రాక్టు పని తీసుకునేవాళ్లు అవతలివాళ్ల పైప్‌లైన్‌లో (ఫైళ్లు చేతులు మారే పని వరసలో) ఏ లైసెన్స్ ఉందో ముందే అడగండి. ఇండీ ఫైళ్లు పూర్తి లైసెన్స్ ఫైళ్లతో కలవవు.

లైవ్ విజువల్స్ చేసే టచ్‌డిజైనర్ ఉచిత ఎడిషన్‌లో ఫైలు తంటా లేదు గానీ బొమ్మ 1280 బై 1280 పిక్సెళ్లు దాటదు. పెళ్లి స్టేజీ మీది ఎల్‌ఈడీ వాల్‌కి 1920 బై 1080 అడిగితే అక్కడే ఆగిపోతుంది. పైగా ఆ ఎడిషన్‌తో డబ్బు తీసుకుని పనిచేయడానికి అనుమతే లేదు.

కోడ్ రాయకుండా నోడ్లు కలిపి పని చేయించే విజువల్ ప్రోగ్రామింగ్ టూల్‌కి ఇంకో ప్రమాదం ఉంది. కోడ్ అయితే టెక్స్ట్ ఫైలు, ఎక్కడైనా తెరిచి చదవచ్చు. నోడ్లతో కట్టింది ఆ ఒక్క ప్రోగ్రాంలోనే బతుకుతుంది. గేములు చేసే గోడో ఇంజిన్‌లో విజువల్‌స్క్రిప్ట్ అనే నోడ్ల పద్ధతి 2018లో 3.0తో వచ్చింది, 2023లో వచ్చిన 4.0లో తీసేశారు. దాంతో కట్టిన ప్రాజెక్టుల్లో లాజిక్ అంతా మళ్లీ చేత్తో రాసుకోవాల్సిందే. కాబట్టి కొత్త నోడ్ టూల్ ఎంత ముచ్చటగా ఉన్నా, అందులోంచి వేరే సాఫ్ట్‌వేర్లూ తెరవగల అలెంబిక్, యూఎస్‌డీ (3డీ ఫైళ్లు), ఎస్‌వీజీ (గీతల బొమ్మ) లేదా కనీసం పీఎన్‌జీ సీక్వెన్స్ (ఫ్రేముకో బొమ్మ) బయటికి వస్తుందో లేదో చూశాకే ముందుకెళ్లండి.

ఇక తెలుగు అక్షరాలు. ఇది మన క్లయింట్ల పనిలో రోజూ తగిలేదే అయినా డెమో వీడియోల్లో ఎవరూ చూపించరు. టైటిల్ టూల్‌లో "స్త్రీ", "జ్యోత్స్న", "స్వాతంత్ర్యం" అని యూనికోడ్‌లో టైప్ చేసి చూడండి. ఒత్తులు కిందికి చేరకుండా హల్లుల మధ్య పొల్లు కనిపిస్తే ఆ టూల్‌కి భారతీయ లిపులు కూర్చడం రాదన్నమాట. ఫాంట్ మార్చినా ప్రయోజనం ఉండదు. 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 3, 4 వెర్షన్ల టెక్స్ట్ ఆబ్జెక్ట్‌లో ఇదే ఇబ్బంది. అడోబ్ వాళ్ల వీడియో ఎఫెక్ట్స్ టూల్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కొన్ని వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మారిస్తే సర్దుకుంటుంది. బ్లెండర్‌కి ఇంక్‌స్కేప్ (గీతల బొమ్మలు గీసే టూల్) దారి ఉంది: ఇంక్‌స్కేప్‌లో తెలుగు సరిగ్గా పడుతుంది. పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కి (అక్షరాలు గీతలుగా మారతాయి), ప్లెయిన్ ఎస్‌వీజీగా సేవ్ చేసి, బ్లెండర్‌లోకి ఇంపోర్ట్ చేయండి. అక్షరాలు గ్రిడ్ మధ్యలో చీమంత కనిపిస్తాయి, రాలేదని కంగారుపడకండి. స్కేల్ పెంచి, కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి. లేకపోతే తర్వాత బెవెల్ (అంచుల చెక్కడం) వికృతంగా వస్తుంది. అయితే పాత్‌గా మారాక స్పెల్లింగ్ దిద్దలేరు కాబట్టి క్లయింటు ఓకే అన్నాకే మార్చండి, టెక్స్ట్‌గా ఉన్న కాపీ ఒకటి దాచుకోండి.

డబ్బు కట్టే పేజీలో "నెలకి ఇంత" అని పెద్దగా రాసి, కింద "యాన్యువల్, బిల్డ్ మంత్లీ" (Annual, billed monthly) అని చిన్నగా ఉంటే అది ఏడాది ఒప్పందం. అడోబ్ ఇలాంటి ప్లాన్‌ని 14 రోజులు దాటాక రద్దు చేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం వసూలు చేస్తుంది. నెలకి 2,000 అనుకుని, నాలుగో నెల చివర ఆపితే 8,000 కట్టాలి. ఈ రుసుముని దాచిపెట్టారన్న ఆరోపణతోనే 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఆ కంపెనీ మీద కేసు వేసింది. మన దగ్గర రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 15,000 లోపు ఆటో డెబిట్‌కి ఓటీపీ అడగరు, 24 గంటల ముందు మెసేజ్ మాత్రం వస్తుంది. ఆ మెసేజ్‌ని స్పామ్ అనుకుని వదిలేయకండి. వార్షిక చందా 15,000 దాటితే ఓటీపీ లేక డెబిట్ ఫెయిలై, సరిగ్గా డెలివరీ వారంలో సాఫ్ట్‌వేర్ ఆగిపోవచ్చు.

ట్రయల్ మొదటి రోజే ఒక పరీక్ష పెట్టండి. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున పది సెకన్ల షాట్, అంటే 250 ఫ్రేములు చేయండి. అందులో ఒక క్యారెక్టర్, ఒక తెలుగు టైటిల్, ఒక ఆడియో ట్రాక్ ఉండాలి. ఎంపీ4 కాకుండా పీఎన్‌జీ సీక్వెన్స్‌గా తీయండి, మధ్యలో క్రాష్ అయినా అక్కడి నుంచి కొనసాగించవచ్చు. ప్రాజెక్టు ఫైలుని ఇంకో కంప్యూటర్‌లో తెరవండి. తర్వాత ఇంటర్నెట్ ఆపి మళ్లీ తెరిచి చూడండి. లైసెన్స్ గడువు అయ్యాక ఫైలు చూడటానికైనా తెరుచుకుంటుందా అని సపోర్ట్‌కి ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. ట్రయల్‌కి కార్డు నంబరు ఇచ్చి ఉంటే, గడువుకి రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.