మా షాపు మూల పెట్టె: ఆరేళ్ల పైబడి ఫ్రీబీఎస్‌డీ వాడిన అనుభవం

తిరుపతిలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు బైండింగులు. డిజైన్ చేసే రెండు సిస్టమ్‌లలో విండోసే ఉంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకుండా మాకు పత్రిక పని నడవదు. ఫైళ్లన్నీ దాచుకునే మూల పెట్టెలో మాత్రం 2019లో ఫ్రీబీఎస్‌డీ 12 (విండోస్ లాగే ఒక ఆపరేటింగ్ సిస్టమ్, కాకపోతే ఉచితం) వేశాను. పాత డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, విండోస్ సిస్టమ్‌లకు ఫైళ్లు అందించే సాంబాతో షేరింగ్. దాని పని అంతే.

ఇన్నేళ్లలో రెండుసార్లు లేవలేదు, ఒకసారి లేచి కూడా సతాయించింది.

మొదటిది శ్రావణ మాసం హడావిడిలో. నేను చిత్తూరులో చుట్టాలింట్లో భోజనానికి కూర్చున్నాను. షాపు పిల్లోడి ఫోన్.

"అన్నా, కరెంటు పోయొచ్చింది. యూపీఎస్ కూడా ఆగిపోయింది. మూల సిస్టం ఏందో షెల్ పేరు చెప్పమని అడగతా ఉంది."

"దానికి పైన ఏం రాసుందో చదువురా."

"ఆర్‌సీ డాట్ కాన్ఫ్... అన్‌టర్మినేటెడ్ కోటెడ్ స్ట్రింగ్ అంటన్నా."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మూడు వారాల ముందు ఐపీ అడ్రస్ మార్చింది నేనే, చివర కోట్ గుర్తు మూయనిదీ నేనే. రీబూట్ చెయ్యలేదు గనక తప్పు అన్నాళ్లూ బయటపడలేదు. ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే ఆ ఫైలు సెట్టింగుల చిట్టాలా కనిపిస్తుంది గానీ, బూట్ అయ్యేటప్పుడు షెల్ (కమాండులు నడిపే ప్రోగ్రాం) దాన్ని స్క్రిప్టులాగే చదువుతుంది. ఒక్క కోట్ తక్కువైతే చాలు, మరమ్మతులకు ఉండే సింగిల్ యూజర్ మోడ్‌లో ఆగిపోతుంది.

వట్టి ఎంటర్ కొట్టమన్నాను. అక్కడ సిస్టమ్ ఉన్న రూట్ డిస్కును చదవొచ్చుగానీ రాయడానికి కుదరదు. పైగా కరెంటు పోయి అర్ధంతరంగా ఆగిన డిస్కు. అందుకని ముందు డిస్కును సరిచూసే కమాండు: ఎఫ్‌ఎస్‌సీకే, హైఫన్ వై. తర్వాత రాయడానికి వీలు చేసేది: మౌంట్, హైఫన్ యు, స్లాష్.

"స్లాష్ ఏ పక్కకు వాలేదన్నా?"

"ప్రశ్నార్థకం ఉంటుంది చూడు, ఆ మీటే."

వీఐ అనే ఎడిటర్‌ను ఫోన్లో నేర్పడం నా వల్ల కాదు. అదృష్టం కొద్దీ ఈఈ అనే సులువైన ఎడిటర్ సిస్టమ్‌తో పాటే వస్తుంది. వాడే ఆ లైను వెతికి కోట్ పెట్టాడు, ఎస్కేప్ నొక్కి మెనూలో సేవ్ చేశాడు. ఎగ్జిట్ కొట్టగానే మిగతా బూట్ నడిచింది. నేను మజ్జిగన్నానికి వచ్చేసరికి ఫైళ్లు తెరుచుకున్నాయి. ఆ రోజు నుంచి ఆ ఫైలును చేత్తో ముట్టను. సిస్‌ఆర్‌సీ కమాండుతోనే మారుస్తాను. చేత్తో మార్చక తప్పకపోతే ఎస్‌హెచ్ హైఫన్ ఎన్ అని ఫైలు పేరిస్తే వాక్యదోషాలు అప్పుడే చెప్పేస్తుంది.

రెండోసారి ఇంకో హార్డ్ డిస్కు తగిలించాను. కొత్తది ముందు పోర్టులో చేరి ఏడీఏ0 అయింది, పాతది ఏడీఏ1కి జరిగింది. ఏ డిస్కు ఎక్కడ తెరవాలో రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో మాత్రం పాత పేరే ఉంది, రూట్ దొరక్క మౌంట్‌రూట్ ప్రాంప్ట్ దగ్గర నిలబడింది. ఆ ప్రాంప్ట్‌లో ప్రశ్నార్థకం కొడితే కనిపిస్తున్న డిస్కుల పేర్లన్నీ చూపిస్తుంది. సరైన పార్టిషన్ పేరు టైపు చేస్తే లేచింది. తర్వాత జీపార్ట్ కమాండుతో ఆ పార్టిషన్‌కు లేబుల్ పెట్టి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దాన్నే రాశాను. ఇక పోర్టు ఏదైనా దానికి అక్కర్లేదు.

సతాయింపు గడియారంతో. కొత్తగా చేసిన పత్రికలు ఫోల్డర్‌లో అట్టడుక్కి పోతున్నాయి, తేదీ చూస్తే 2009! మదర్‌బోర్డు మీద బటన్ సెల్ అయిపోయింది. నెట్ నుంచి టైము తెచ్చే ఎన్‌టీపీడీ ఉందిగా అనుకున్నాను. తేడా 1000 సెకన్లు దాటితే అది సరిచెయ్యదు, తప్పుకుంటుంది. మొదలయ్యేటప్పుడు ఒక్కసారి ఎంత తేడా ఉన్నా సర్దుకునేలా ఎన్‌టీపీడీ సింక్ ఆన్ స్టార్ట్ అనే సెట్టింగుకు యెస్ (YES) పెట్టాలి. సెల్ కూడా మార్చాననుకోండి.

ఫ్రీబీఎస్‌డీ 14కి వెళ్లేటప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద మళ్లీ కొత్తగా వేసుకున్నాను. ఇప్పుడు అప్‌డేట్‌కు ముందు బీఈసీటీఎల్ కమాండుతో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్ అప్పటి స్థితికి ఒక కాపీ) తీసి పెడతాను. తేడా కొడితే బూట్ మొదట్లో వచ్చే లోడర్ మెనూలో పాతది ఎంచుకుంటే సరి. ఇది మొదట్నుంచీ చేయాల్సిన పని.

లోపాలూ ఉన్నాయి. వైఫై డాంగిల్ రెండు మార్చి చూసి, చివరికి కేబుల్ లాగించాను. మన బజారులో సిస్టం రిపేరు చేసేవాళ్లకు దీని పేరు చెబితే "విండోస్ ఎక్కిచ్చేద్దామా సార్?" అంటారు. ఫ్రీబీఎస్‌డీ వాళ్ల హ్యాండ్‌బుక్ బాగుంటుంది గానీ ఇంగ్లీషులో చదువుకోవాల్సిందే. నేను మటుకు పెట్టె పక్కన తెలుగులో ఒక చీటీ అంటించాను: ముందు పైనున్న లైను చదువు, తర్వాత ఎంటర్, తర్వాత నాకు ఫోను.