ఏసీఎల్ ఆపరేషన్, రెండేళ్ల తర్వాత: మోకాలి కింద దిండు పెట్టకండి

ఏసీఎల్ అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు. అది తెగితే దాని బదులు వేసే ముక్కని (గ్రాఫ్ట్) ఒంట్లో ఎక్కడి నుంచి తీస్తారు, ఖర్చెంత అన్నవి డాక్టరే చెప్తారు. నేను చెప్పాల్సింది దిండు గురించి.

షటిల్ ఆడుతూ కుడి మోకాలు మెలిపడి ఏసీఎల్ తెగింది. మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బస్సు దిగుతుంటే మోకాలు చటుక్కున జారేది. మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) కూడా చిరిగిందని ఎంఆర్ఐలో తేలాక ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను.

సాయానికి అనంతపురం నుంచి అమ్మ వచ్చింది. మోకాలు కాస్త మడిచి ఉంచితే నొప్పి తగ్గేది. అందుకని దాని కింద మెత్తటి దిండు పెట్టేది. మూడు వారాలు రాత్రీ పగలూ అదే. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో ఏ వారానికి ఎన్ని డిగ్రీలు వంచాలో ఉంది, కాలు పూర్తిగా చాచడం గురించి ఒక్క ముక్క లేదు. 90 డిగ్రీలు వంగిందని సంబరపడి, తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి భయం లేదు, చేయించుకోండి అని చెప్పాను.

నాలుగో వారంలో ఇంటి దగ్గర ఫిజియో నన్ను బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ల కింది భాగం మంచం అంచు దాటి వేలాడేలా ఉంచింది. కుడి మడమ ఎడమదానికంటే రెండు వేళ్ల ఎత్తున ఉంది. వంగడం తర్వాతైనా వస్తుందట, చాచడం ఆలస్యమైతే లోపల మచ్చ కణజాలం పేరుకుని మళ్లీ స్కోప్ (సన్నటి కెమెరా గొట్టం) వేసి తీయాల్సి రావచ్చట. కాలు నిటారుగా రాకపోతే తొడ ముందు కండ కూడా సరిగా పనిచేయదు, కుంటు పోదు. దిండు సంగతి విని అమ్మ "నేనే చేశానా తల్లీ" అని ఏడ్చింది. ఆమె తప్పేముంది? ఒక్క మాట చెప్పి పంపాల్సినవాళ్లు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ రోజు నుంచి దిండు మడమ కిందికి మారింది. మోకాలు గాల్లో ఉంచి పది నిమిషాలు, రోజుకు ఐదారుసార్లు. కళ్లలో నీళ్లు తిరిగేవి. రెండు మడమలు సమానం కావడానికి ఏడు వారాలు పట్టింది.

ఈ రెండేళ్లలో మోకాలు ఒక్కసారి కూడా జారలేదు. బస్సు దిగేటప్పుడు కడ్డీ పట్టుకోవడం మర్చిపోయానని గుర్తొచ్చిన రోజు రోడ్డు పక్కనే నిలబడి అమ్మకి ఫోన్ చేశాను. అయితే అప్పుడు అందరికీ చెప్పినంత సులువేం కాదు. కోత కింద అరచేయంత మేర ఇంకా స్పర్శ లేదు. పూజలో మోకాళ్ల మీద కూర్చోలేను. తొమ్మిది నెలల తర్వాత, పరీక్షలు చేసి ఆడొచ్చన్నారు గానీ షటిల్ జోలికి వెళ్లలేదు.

నాది కూర్చుని చేసే ఉద్యోగం, రెండు నెలలు ఇంటి నుంచే చేయనిచ్చారు, అమ్మ ఉంది. లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ఒంటరిగా ఉండేవాళ్లకి నా లెక్క పనికిరాదు. మామూలు పనుల్లో మోకాలు జారనివాళ్లలో కొందరు వ్యాయామంతోనే నెట్టుకొస్తారు, ముందు అది అడగండి. చేయించుకునేట్టయితే మాత్రం ఆపరేషన్‌కి ముందే ఫిజియోని చూసుకోండి. మొదటి వారం నుంచే కాలు పూర్తిగా చాస్తోందో లేదో కొలవమనండి.